డాక్టరు చెప్పిన మూడో మాట

అక్కకు ఆయాసం వస్తోందని నాకు చెప్పింది అక్క కాదు, బావ.

బావ పోర్ట్ బ్లెయిర్‌లో చేపల రేవు దగ్గర ఐస్ ప్లాంట్‌లో పని చేస్తాడు. పొద్దున అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చి, సాయంత్రం ఫెర్రీలోనే వెళ్ళిపోతాడు. ఆ రోజు మాత్రం డ్యూటీ దిగి తిన్నగా నేను ఇంగ్లీషు చెప్పే స్కూలుకు వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. స్కూల్లోకి చెప్పులతో రావచ్చని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

"మీ అక్క నీకు సెప్పొద్దన్నాది. మిషను తొక్కలేకపోతన్నాది. పడుకుంటే ఊపిరాడట్లేదంట. గోడకి ఆనుకుని కూకునే నిద్రపోతన్నాది."

అక్క బట్టలు కుట్టేది. కొత్త తరగతులు మొదలయ్యే ముందు చుట్టుపక్కల పిల్లల యూనిఫారాలన్నీ ఆమె వరండాలోనే తయారయ్యేవి. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పద్నాలుగు. నాన్న హాడో వార్ఫ్‌లో సరుకులు దింపే పనిలో ఉండేవాడు. అక్క ఎనిమిదో తరగతితో బడి మానేసి మిషను ముందు కూర్చుంది. నేను కాలేజీకి వెళ్ళానంటే, ఇంగ్లీషు నేర్చుకున్నానంటే, ఈ ఉద్యోగం చేస్తున్నానంటే అది ఆ మిషను మీద వచ్చిందే. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ ఇంగ్లీషుతోనే నేను ఆమెకు చేయకూడని పని చేశాను.

ఇక్కడి ఆసుపత్రిలో పరీక్ష చేసి, గుండెలో రెండు కవాటాలు పాడైపోయాయనీ, మెయిన్‌ల్యాండ్‌కు తీసుకెళ్ళాలనీ అన్నారు. చిన్నప్పుడెప్పుడైనా కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగారు. వచ్చింది. నెల రోజులు మంచం మీదే ఉంది. వాపులు పోయాక అందరం ఆ సంగతి మర్చిపోయాం.

మొదటిసారి చెన్నైకి మేమిద్దరమే వెళ్ళాం. అక్క కూతురికి కాలేజీ పరీక్షలు ఉన్నాయని బావ ఉండిపోయాడు. అక్క విమానం ఎక్కడం అదే మొదలు. కిటికీలోంచి దీవులు కనపడుతున్నంతసేపూ చూసి, నీళ్ళు తప్ప ఇంకేమీ లేనప్పుడు కళ్ళు మూసుకుంది.

పరీక్షలన్నీ అయ్యాక ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు గదిలోకి పిలిచాడు. ఆయనకు హిందీ రాదు, తెలుగు రాదు. అక్కకు హిందీ మా దీవుల్లో అందరిలాగే బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని ఆయన నన్ను చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడాడు. మూడు మాటలు చెప్పాడు.

మొదటిది, రెండు కవాటాలూ మార్చాలి, మార్చకపోతే ఏడాదో రెండేళ్ళో. రెండోది, కొట్టుకుంటున్న గుండెను తెరిచి కుట్టడం కుదరదు కాబట్టి దాన్ని కొన్ని గంటలు ఆపుతారు. అంతసేపూ ఒంటికి రక్తాన్ని మిషను తిప్పుతుంది. ఆగి ఉన్న గుండె కండరం దెబ్బతినకుండా చల్లటి మందు పంపి కాపాడతారు. మూడోది చెప్పేముందు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఈమె గుండె కండరం ఇప్పటికే బాగా బలహీనపడి ఉంది. ఎంత కాపాడినా, ఆపి మళ్ళీ నడిపాక అలాంటి గుండె ఇప్పుడున్న బలానికి కూడా రాకపోవచ్చు. కొన్ని అసలు తేరుకోవు. అయినా ఆపరేషన్ చేయించుకోవడమే మంచిదని తన అభిప్రాయమన్నాడు. కానీ ఇదంతా ఆమెకు తెలియాలి, ఆమె భాషలో చెప్పండి, అన్నాడు.

అక్క నా మోచేయి పట్టుకుని, "ఏటంటన్నాడే?" అంది.

"రెండు వాల్వులూ మారుస్తారంటక్కా. మార్చేటప్పుడు గుండెని కాసేపు ఆపుతారంట. పాడవకుండా మందు పోస్తారంట. మళ్ళీ కొట్టిస్తారంట."

"అంతేనా? శానాసేపు మాటాడినాడు."

"అంతే. ఇంగ్లీషులో చెబితే పొడుగొస్తాది."

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి డాక్టరు కూడా తలూపాడు. అన్నీ విని ధైర్యంగా ఉన్న మనిషి అనుకుని ఉంటాడు.

నేను కావాలనే ఆ మూడో మాట వదిలేశాను. భయపడితే ఆపరేషన్ వద్దంటుందని నా భయం. మా నాన్నకు కంటి ఆపరేషన్ అన్నప్పుడే మూడు రోజులు ఏడ్చిన మనిషి. వద్దంటే ఏడాదిలో పోతుంది. ఆ గదిలో నేను చేసిన లెక్క అంతే. అది తప్పని నాకు అప్పుడు తోచలేదు.

అక్క పళ్ళలో చీము ఉందనీ, అది నయం చేయించుకుని రావాలనీ మూడు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. తిరిగి వచ్చేశాం. ఆ మూడు వారాలూ నేను ఎన్నిసార్లో బాంబూఫ్లాట్ వెళ్ళాను. అక్క రెండు పళ్ళు తీయించుకుంది. కుట్టాల్సినవి ఆగి ఆగి కుట్టింది. నేను పక్కనే కూర్చుని గుండీలు కుట్టాను, కాజాలు చూశాను. ఆ మాట చెప్పడానికి ఎన్నో మధ్యాహ్నాలు దొరికాయి. చెప్పలేదు.

రెండోసారి బావ కూడా వచ్చాడు. ఆపరేషన్ ముందు రోజు కుర్ర డాక్టరొకడు ఇంగ్లీషు కాగితాలు తెచ్చాడు. మళ్ళీ నేనే చదివి, మళ్ళీ నాకు కావలసినంతే చెప్పాను. అక్క తెలుగులో, ఒక్కో అక్షరం గుండ్రంగా, సంతకం పెట్టింది.

సాయంత్రం నేనూ బావా వార్డు బయట కాఫీ తాగుతుంటే మా మాటలు విని ఒకతను ఆగాడు. నెల్లూరి వాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె పనీ, ఊపిరితిత్తుల పనీ చేసే మిషనును నడిపేది తనేనన్నాడు. రేపు మా అక్క దగ్గర ఉండేదీ తనేనట.

బావ లేచి నిలబడ్డాడు. "గుండె ఆపితే పాడైపోదా బాబూ?"

"ఊరికే ఆపితే పాడైపోద్దన్నా. రక్తం అందని కండ ఆకలితో చచ్చిపోద్ది. అందుకని గుండెని ఆపే మందుని బాగా చల్లబరిచి, గుండెకి రక్తమిచ్చే నాళాల్లోకి పంపిస్తాం. మెత్తగా అయిపోయి కదలకుండా ఉండిపోద్ది. పని లేదు, వేడి లేదు. కాబట్టి ఆకలీ తక్కువే. చుట్టూ ఐసు కూడా వేస్తాం."

ఐసు అనగానే బావ మొహం తేటపడింది. "నా పని అదే బాబూ, ఐస్ ప్లాంటు. ఎంత ఐసు ఏసినా సేప ఆగేది కొంతసేపే. కరిగిపోతాది గదా. అప్పుడేటి సేస్తారు?"

"బలే అడిగావన్నా. ఇరవై నిమిషాలకోసారి మళ్ళీ పంపిస్తాం. టైం చూసి గట్టిగా చెప్పేది నేనే."

బావ కాఫీ గ్లాసు చేతిలో తిప్పాడు. "ఐసులో పెట్టకముందే మెత్తబడిపోయిన సరుకైతే?"

అతను నా వైపు చూశాడు. "అది డాక్టరుగారు మీకు చెప్పే ఉంటారు గదమ్మా" అని, తొందర పని ఉందన్నట్టు వెళ్ళిపోయాడు.

బావ నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆ మూడో మాట చెప్పాను. మొత్తం విన్నాడు.

"మీ అక్కకి తెల్సా?"

"లేదు."

"సెప్పాల గదా."

"ఇప్పుడు చెబితే లేచి ఇంటికి పోదామంటాది బావా. దాని సంగతి నీకు తెలుసు. చేయించుకోకపోతే ఏమవుతాదో కూడా నీకు తెలుసు."

"అయినా దాని ఒళ్ళు గదా అమ్మా."

"బావా, వద్దు. నా మాట విను."

ఆయన చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. చివరికి, "నీకు సదువున్నాది. నువ్వే సూడు" అన్నాడు. నా చదువు మీద గౌరవంతో అన్న మాట అది. ఇన్నాళ్ళైనా గుర్తొస్తే తల ఎత్తుకోలేను.

మర్నాడు పొద్దున ఏడింటికి అక్కను లోపలికి తీసుకెళ్ళారు. ఐదు గంటలు పడుతుందన్నారు. బావ గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాడు. ఇరవై నిమిషాలైనప్పుడల్లా పెదాలు కదిపేవాడు. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి వింటే, "ఇప్పుడు పంపిస్తుంటారు" అంటున్నాడు.

ఐదు గంటలు దాటాయి. ఏడు దాటాయి. సాయంత్రం నాలుగున్నరకు నెల్లూరతను బయటికి వచ్చాడు. మాస్కు తీసిన చోట బుగ్గల మీద గీతలు పడి ఉన్నాయి.

"కవాటం చుట్టూ సున్నంలా గట్టిపడిపోయి ఉండిందమ్మా. గీకి తీయడానికే చాలా టైం పట్టింది. కుట్టాక ఒక పక్క కారింది. గుండెని మళ్ళీ ఆపి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది." అతను బావ వైపు తిరిగాడు. "ఒక్క విడత కూడా తప్పించలేదన్నా. ఒక్కటి కూడా."

బావ అతని చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

గుండె కొట్టుకుంటోంది కానీ బలం లేదని పెద్ద డాక్టరు చెప్పాడు. సాయం కోసం తొడ దగ్గర్నుంచి ఒక గొట్టం వేసి బెలూన్ లాంటిది పెట్టారు. తొమ్మిది రోజులు అక్క ఐసీయూలో ఉంది. ఆ గదిలో చల్లదనానికి ఆమె పాదాలు మంచులా ఉండేవి. రోజుకు పది నిమిషాలు లోపలికి పోనిచ్చినప్పుడు బావ ఆ పాదాలు అరచేతుల్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఐస్ దిమ్మలు మోసి మోసి గట్టిపడ్డ చేతులు అవి. పదో రోజు గొట్టాలు తీశారు. అక్క కళ్ళు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టింది. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

నెల తర్వాత ఇంటికి వచ్చాం. ఇక్కడి డాక్టర్లు గుండె 'పంపింగ్' ఎంత ఉందో చూసి ఒక అంకె చెబుతారు. వెళ్ళేముందు ఉన్న అంకె కంటే తిరిగొచ్చాక ఉన్న అంకె తక్కువ. కవాటాలు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. కండరమే కోలుకోలేదు.

"ఎప్పటికి తగ్గుతాదే?" అని అక్క అడిగేది.

"పెద్ద ఆపరేషన్ గదక్కా. మెల్లగా."

ఉప్పు మానేసింది, ఎండుచేప మానేసింది. గ్లాసుతో కొలిచి నీళ్ళు తాగేది. కాలితో తొక్కక్కర్లేకుండా బావ మిషనుకు కరెంటు మోటారు పెట్టించాడు. ఆ మోటారుతో రోజుకు ఒక చొక్కా కుట్టి, దాన్ని రెండుసార్లు మడతపెట్టి చూసుకునేది. ఫెర్రీ జెట్టీ దాకా నడవలేక ఆటో ఎక్కేది. చర్చిలో ఆడవాళ్ళ పాటలకు మొదట గొంతెత్తేది ఎప్పుడూ అక్కే. తిరిగొచ్చాక ఒక ఆదివారం లేచి పాట మొదలుపెట్టి, రెండో పంక్తి మధ్యలో ఊపిరి అందక ఆగిపోయింది. పక్కావిడ అందుకుంది. అక్క కూర్చుంది. ఆ తర్వాత ఆమె పాటకు లేవలేదు, పుస్తకం తెరిచి పెదాలు కదిపేది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం వాళ్ళ వరండాలో ఉన్నాం. వీధి చివర చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నారు. అక్క చేతిలో పని పక్కన పెట్టింది.

"ఆవేళ డాక్టరు నిజంగా ఏటి సెప్పినాడే?"

"చెప్పాను గదక్కా."

"సెప్పింది సరే. సెప్పంది సెప్పు."

ఇక దాచలేకపోయాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఏడాది ఆలస్యంగా, తెలుగులో చెప్పాను. అక్క నా మొహం వైపు చూడలేదు. అంతా అయ్యాక, "మీ బావకి తెల్సా?" అంది.

"ముందు రోజు సాయంత్రం తెలిసింది. చెబుదామన్నాడు. నేనే ఆపాను."

"ఐతే అతన్నేటీ అనను."

"అక్కా, చెప్పుంటే నువ్వు చేయించుకునేదానివా?"

"నీకెందుకు ఆ ఇసయం? అది నా గుండె గదే. నన్నడగాలా వద్దా?" ఊపిరి కోసం ఆగింది. "సేయించుకునేదాన్నేమో. ఏమో. కానీ మనం బయల్దేరే ముందు ఆదివారం నాను చర్చికి ఎల్లలేదు. సామాన్లు సర్దుకోవాలని మానీసాను. తిరిగొచ్చి పాడుకోవచ్చులే అనుకున్నాను. తెలిసుంటే ఎల్లేదాన్ని. ఆయాసమొచ్చినా సరే, నాకాడ ఉన్నదంతా పెట్టి పాడీదాన్ని. మూడు వారాలు నా పక్కన కూకుని గుండీలు కుట్టినావు."

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. "సాయంత్రం ఫెర్రీకి టైమవుతున్నాది, ఎల్లు" అంది.

ఆమె నాతో మాట్లాడటం మానలేదు. పండక్కి పిలిచింది, కేకు పంపింది. కానీ ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నన్ను పిలవలేదు. కూతుర్ని తీసుకెళ్ళేది. ఒకసారి తెలిసి నేను అక్కడికి వెళితే అక్క కూతురు ఇబ్బందిపడింది. "పిన్నీ, అమ్మ నేనొక్కదాన్నే చాలు అంది. టెన్షన్ మత్ లో, కంగారుపడకు, నేను డాక్టర్ని అన్నీ అడిగి చెప్తా." నేను బయట బెంచీ మీద కూర్చుని, వాళ్ళు వచ్చాక ఆటో మాట్లాడి ఎక్కించాను.

జూలైలో, వాన ఆగకుండా పడుతున్న ఒక ఉదయం, బావ ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, అంబులెన్సును ఫెర్రీలో ఎక్కించి తెస్తున్నారు. నేను ఇవతలి ఒడ్డున చాథమ్ జెట్టీలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. వానలో ఫెర్రీ సగం దూరం వచ్చేదాకా కనపడలేదు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు ఉత్తరాది అమ్మాయి. చిన్న వయసు. అక్క మంచం పక్కన కుర్చీ లాక్కుని, నా వైపు గానీ బావ వైపు గానీ చూడకుండా, అక్క చెయ్యి పట్టుకుని హిందీలో చెప్పింది. "దీదీ, దిల్ బహుత్ కమ్‌జోర్ హో గయా హై. హమ్ కోశిశ్ కర్ రహే హై. లేకిన్ షాయద్ జ్యాదా దిన్ నహీ."

గుండె బాగా నీరసించింది, ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు. మధ్యలో ఎవరూ అక్కర్లేకుండా అక్క నేరుగా విన్నది. ఆక్సిజన్ మాస్కు లోపలి నుంచి, "సమఝ్ గయీ, బేటీ" అంది, అర్థమైంది తల్లీ అని.

నేను భయపడినట్టు ఆమె ఏడవలేదు, ఇంటికి పోతాననలేదు. కాసేపు పైకప్పు చూసింది. తర్వాత కూతుర్ని పిలిచి, బీరువాలో ఏ బట్టలు ఎవరివో, కుట్టనివి ఎవరికి తిరిగి ఇచ్చేయాలో ఒక్కొక్కటీ చెప్పింది. తనకు ఏ చీర కట్టాలో చెప్పింది. బావను దగ్గరికి వంగమని ఏదో చెప్పింది. అది నాకు వినపడలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. పాస్టరుగారిని పిలవమంది. రెండు రోజుల్లో, ఆగి ఆగి, ఆమె చేసుకోవలసినవన్నీ చేసుకుంది. గది మూలన నిలబడి నేను అదంతా చూశాను. మా అక్క గురించి నేను ఎంత తప్పుగా అనుకున్నానో నాకు అప్పుడు తెలిసింది.

రెండో రోజు సాయంత్రం తల దువ్వమని నన్ను అడిగింది. వెనక దిండ్లు సర్ది జడ వేస్తున్నాను.

"అక్కా, నా మీద ఇంకా కోపముందా?"

"ఉన్నాది."

"అంతే ఉందా?"

"కొంచెం తగ్గింది." తల కొంచెం ముందుకు లాక్కుని, "గట్టిగా లాక్కే, నొప్పెడతన్నాది" అంది.

మర్నాడు ఉదయం పోయింది. బాంబూఫ్లాట్‌లోనే సమాధి చేశాం. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు పాడారు. పాటకు మొదట గొంతెత్తాల్సిన చోట ఎవరు మొదలుపెట్టాలో తెలియక ఒక్క క్షణం అందరూ ఆగారు. తర్వాత ఎవరో మొదలుపెట్టారు.

బావ ఇప్పటికీ ఐస్ ప్లాంట్‌కు వస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నెలకోసారి చేపలు తెచ్చి ఇచ్చి, గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోతాడు. అక్క కూతురికి ఉద్యోగం వచ్చింది.

చెన్నై డాక్టర్లు చెప్పింది అర్థం కాని తెలుగు వాళ్ళు మా చర్చిలో ఎవరైనా ఉంటే ఇప్పుడు నన్ను పిలుస్తారు. ఏ మాటా వదలకుండా చెబుతాను. పోయినేడు ఉత్తరాన దూరంగా ఉన్న రంగత్ నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆవిడదీ కవాటాల జబ్బే. డాక్టరు ఫోన్‌లో చెప్పింది నేను ఆవిడ మొహం చూస్తూ, ఆవిడకే, తెలుగులో చెప్పాను. గుండె ఆపడం గురించి, కాపాడటం గురించి, కాపాడినా తేరుకోకపోవడం గురించి. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

రెండు రోజుల తర్వాత ఆవిడ భర్త బస్టాండులో నన్ను పట్టుకున్నాడు. "అంత విప్పి చెప్పాలా మేడమ్? మీకు జాలి లేదా? అప్పట్నుంచి అన్నం ముట్టలేదు. ఆపరేషన్ వద్దంటున్నాది." ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. బస్సు వచ్చి ఆయన వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆపరేషన్‌కు వెళ్ళలేదు. రంగత్‌లోనే ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది, ఆమె మాటల మధ్య ఊపిరి నాకు వినపడుతూ ఉంటుంది. ఏం అడగాలో తెలియక, ఈ వేళ ఏం వండారమ్మా అని అడుగుతాను. ఆవిడ చెబుతుంది, నేను వింటాను.